సీలు వేసే ముందు

జనవరి 6

చదువు మొదలుపెట్టాను. ఆర్లో ఇచ్చిన పుస్తకం ఇటుకంత ఉంది. మొదటి పేజీ మూడుసార్లు చదివి లేచి గిన్నెలు తోమాను. మళ్ళీ చదివి బట్టలు ఉతికాను. ఈ లెక్కన పరీక్ష సంగతేమో గాని ఇల్లు మాత్రం అద్దంలా ఉంటుంది.

కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీ మూసేశాక నాకు చేతనైన పని కుట్టుపని ఒక్కటే. ఆ పని ఈ చుట్టుపక్కల ఇంకా మిగిలింది సరదాకి విమానంలోంచి దూకేవాళ్ళ ఎయిర్‌ఫీల్డులో, ఆర్లో పారాషూట్లు కట్టే ప్యాకింగ్ గదిలోనే. నేను రిగ్గర్‌నైతే, అంటే పారాషూట్లు కట్టే లైసెన్సు తెచ్చుకుంటే, గది నాకప్పగించి చేపలు పట్టుకుంటానంటున్నాడు. ముందు రాతపరీక్ష. తర్వాత ఆయన కళ్ళముందు, మొదటిది పనిచేయకపోతే వాడే రిజర్వు పారాషూట్లు ఇరవై కట్టాలి, కట్టానని ఆయన సంతకం పెట్టాలి. ఆ పైన చేతిపరీక్ష. చేతిపరీక్షంటే భయం లేదు. సంతకమంటే అసలే లేదు, ఆయన నోరే కరుకు, మనిషి మంచివాడు. నా భయమంతా ఈ ఇటుకతోనే.

నీకు ఉన్నట్టుండి ఈ రిగ్గర్ పిచ్చి ఎందుకు పట్టుకుందని మా ఆయన డ్వేన్ అడిగాడు. పని కావాలి కాబట్టి, అన్నాను. అంతకు మించి కారణమేమీ లేదు.

జనవరి 9

పారాషూట్ మడిచే బల్ల ఎంత పొడవుండాలి? నలభై అడుగులు. ఆర్లో గదే అంత లేదు! మేం కట్టేదంతా కింద కార్పెట్ మీద, మోకాళ్ళు అరగదీసుకుంటూ. నేను కళ్ళతో చూసింది రాస్తే తప్పంటుంది పుస్తకం. ఈ రోజు నమూనా పరీక్షలో ఇలాంటివే తొమ్మిది పోయాయి.

బల్ల ఏదని ఆర్లోని అడిగాను. చర్చి హాల్లో బల్లలన్నీ వరసగా వేస్తే నలభై అడుగులొస్తాయట, పాస్టరుతో మాట అయిపోయిందట, కాబట్టి బల్ల ఉన్నట్టేనట.

"పరీక్షలో నువ్వు చేసేది రాయకు పిల్లా, పుస్తకం చెప్పింది రాయి. పాసయ్యాక నేను చెప్పింది చెయ్యి," అన్నాడు.

నాకు నలభై నాలుగేళ్ళు. ఇంకా పిల్లానే.

జనవరి 14

గదిలో గోడకి ఒక పలక ఉంది. ఆర్లో పనిముట్లన్నీ దాని మీదే వేలాడతాయి. ఒక్కొక్క దాని వెనక దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీస్తే ఖాళీ గీత కనపడుతుంది. రిజర్వు కట్టి, మూసి, దారం చుట్టి, సీసపు సీలు నొక్కే ముందు వెనక్కి తిరిగి గోడ చూడాలి. ఒక్క గీత ఖాళీగా ఉన్నా సీలు వేయకూడదు. ఆయన దగ్గర మొదటి రోజు నేర్చుకున్న పాఠం ఇదే, రెండో రోజూ ఇదే.

మడతలు జారకుండా పట్టే క్లిప్పులకి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, ఎక్కడున్నా కంటపడాలని. బట్టలారేసే క్లిప్పుల కన్నా కొంచెం పెద్దవి. అందులో ఒకదాని టేపు మిగతావాటి కన్నా కొత్తగా ఉంది. ఊడితే మళ్ళీ చుట్టి ఉంటాడు. టేపన్నాక ఊడుతుంది.

జనవరి 18

మంచు. ఎక్కడికీ పోలేదు. దారాల అధ్యాయం చదివాను, ఏ దారం ఎంత బరువుకి తెగుతుందో. ఇది బాగానే వంటపట్టింది.

సెప్టెంబరు సంగతి ఇక్కడ ఒకసారి రాసి వదిలేస్తాను, బుర్రలో జోరీగలా తిరగడం మానుతుందేమో. విమానంలోంచి దూకాక నా మెయిన్ పారాషూట్ చిక్కుపడింది. దాన్ని వదిలించుకుని రిజర్వు లాగాను. ఆర్లో కట్టిన రిజర్వు. తెరుచుకుంది, దిగాను, నడుచుకుంటూ వచ్చాను. తెరుచుకునేటప్పుడు ఎర్రటిదేదో నా చెవి పక్కనుంచి కిందికి పోయింది. అంతే. రబ్బరు బ్యాండు కావచ్చు. పక్షి కావచ్చు, ఇండియానాలో ఎర్ర పక్షులకేం కరువు.

మూడు వేల అడుగుల ఎత్తులో పక్షులు ఎగరవని డ్వేన్ అంటాడు. అతనికి చెప్పలేదు కాబట్టి అనలేదు. చెబితే అంటాడు.

జనవరి 25

ఎయిర్‌ఫీల్డులో చిల్లీ విందు, మాంసం, చిక్కుడు గింజల కూర. అందరూ నా మీద పడ్డారు. రిజర్వు వల్ల బతికినవాళ్ళు దాన్ని కట్టిన రిగ్గరుకి ఒక సీసా ఇచ్చుకోవాలి, ఇక్కడి మర్యాద అది. నేను నాలుగు నెలలైనా ఇవ్వలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలదు అని కెండ్రా అందరి ముందూ అంది. కెండ్రా ఆస్పత్రిలో నర్సు, వారమంతా రోగుల్ని మోసి ఆదివారాలు ఆకాశంలోంచి దూకుతుంది. మంచి పిల్లే గాని నోట్లో నువ్వుగింజ నానదు.

ఆర్లో నవ్వలేదు. తన గిన్నెలోకి చూసుకుంటూ మొక్కజొన్న రొట్టె తుంచుకున్నాడు. ఆ ముసలాయన బాధపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిబ్రవరి 3

సీసా ఇచ్చేశాను. మంచిదే కొన్నాను, కెంటకీ విస్కీ.

ఆర్లో దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగులో చూశాడు. తర్వాత చీటీ మీద నా పేరు, తేదీ రాసి అంటించి, పై అరలో మిగతా సీసాల పక్కన పెట్టాడు. ఆ సీసాలేవీ ఆయన తాగడు. ఒక్కోటీ ఒక్కో మనిషి.

"నా వల్ల ఏదో లోపం జరిగిందనుకున్నాను పిల్లా, నువ్వు ఇవ్వకపోతే," అన్నాడు.

అదేం లేదన్నాను. అయిపోయింది. ఇక దాని గురించి రాయను.

ఫిబ్రవరి 11

ఏమీ చదవలేదు.

ఫిబ్రవరి 19

పొద్దున్న ఆర్లో ఒక రిజర్వు సగం మడిచి ఆగిపోయాడు. చేతులు బట్ట మీదే ఉన్నాయి. చాలాసేపయ్యాక నావైపు తిరిగి, ఎడమవైపు అయిందా, కుడివైపు అయిందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను, నాది నేను కట్టుకుంటున్నాను. మొత్తం విప్పి మొదటినుంచీ కట్టాడు.

అదే సరైన పద్ధతి. అనుమానమొస్తే విప్పమని పుస్తకమూ చెబుతుంది. నాకు నచ్చింది నిజానికి.

నావి పద్నాలుగు అయ్యాయి. ప్రతిదాన్నీ పక్కన కూర్చుని చూశాడు, రెండింట్లో తప్పులు పట్టాడు. తప్పులు పట్టగలిగేవాడికి ఏమీ అయినట్టు కాదు.

ఫిబ్రవరి 27

ఆర్లో సీలు వేసి బయటికి వెళ్ళినప్పుడల్లా నేను గోడ చూస్తున్నాను. అన్నీ ఉంటున్నాయి. ఎప్పుడూ ఉంటున్నాయి. ఇలా చూడడం మానేయాలి, దొంగతనంలా ఉంది.

మార్చి 7

చర్చిలో శుక్రవారం చేపల విందు. డ్వేన్ తింటూనే నన్ను ప్రశ్నలడిగాడు. తడి పూర్తిగా ఆరని పారాషూట్ కట్టవచ్చా? కట్టకూడదు. సీలు ఎవరు వేయాలి? కట్టినందుకు జవాబుదారీ అయిన రిగ్గరే, తన గుర్తుతో. ఎదుటి బల్ల దగ్గరి పెద్దావిడ మాకు మతి పోయిందనుకుంది.

హాల్లో బల్లలు లెక్క వేశాను. వరసగా వేస్తే నిజంగానే నలభై అడుగులు దాటుతాయి.

మార్చి 12

పాసయ్యాను! ఎనభై ఆరు. పరీక్ష పెట్టినాయన కాగితం ఇస్తూ, మీరు ఏం కడతారన్నారు, అని మళ్ళీ అడిగాడు. పారాషూట్లంటే, నేనైతే చచ్చినా దూకనన్నాడు.

బల్ల ప్రశ్న వచ్చింది. నలభై అడుగులని గుద్దాను.

ఇంకొకటి వచ్చింది. అత్యవసరంలో వాడడానికి సురక్షితం కాని పారాషూట్‌ని రిగ్గరు ఏం చేయాలి. కట్టకూడదని ఒక్క క్షణంలో గుర్తు పెట్టేశాను, చిన్నపిల్లలైనా చెబుతారు. తర్వాత బండిలో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు. సంతోషం ఎక్కువైతే అలాగే ఉంటుంది.

డ్వేన్ కేకు తెచ్చాడు. దాని మీద గొడుగు బొమ్మ ఉంది, షాపులో పారాషూట్ బొమ్మ లేదట.

మార్చి 14

ఇరవైలో ఇంకా రెండే ఉన్నాయి. ఈ నెలాఖరు శుక్రవారం సంతకం పెడతానన్నాడు ఆర్లో. చేతిపరీక్ష పెట్టేవాడికి ఫోన్ కూడా చేశాడు, మా పిల్ల వస్తుంది చూసుకో అని. నా గురించి అలా మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి.

మార్చి 25

రాయాలి. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

పొద్దున్న ఆర్లో కెండ్రా రిజర్వు కట్టాడు. వచ్చే నెల మొదటి శనివారం దూకడాలు మొదలవుతాయి, అందరికన్నా ముందు విమానం ఎక్కేది ఆ పిల్లే. నేను కుట్టు మిషన్ దగ్గర పట్టీ కుడుతున్నాను, ఆయన్ని చూడలేదు. సీలు వేసి, అరలో పెట్టి, ఇద్దరికీ శాండ్‌విచ్‌లు తెస్తానని ఊళ్ళోకి వెళ్ళాడు.

నేను గోడ చూశాను. ఒక క్లిప్పు గీత ఖాళీగా ఉంది.

కార్పెట్ కింద వెతికాను. మిషన్ కింద, చెత్తబుట్టలో, ఆయన పని కోటు జేబుల్లో వెతికాను. హీటరు వెనక చెయ్యి పెట్టి కాల్చుకున్నాను. ఆ పొద్దున ఆయన కట్టింది అదొక్కటే. ఇక వెతకడానికి చోటు లేదు. కెండ్రాది కింద పెట్టి పిడి లాగాను. లోపలి స్ప్రింగు ఎగిరి దీపానికి తగిలింది. సీలు తెగి ఎక్కడో పడింది.

క్లిప్పు ఎడమవైపు మడత మీద ఉంది. వదులుగా కాదు. బట్టని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. ఆ మడత విచ్చుకోకపోతే ఏమవుతుందో ఇటుక పుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

ఆ తర్వాత నేను చేసింది ఇది. క్లిప్పు తీసి గోడకి తగిలించాను. కెండ్రా రిజర్వు మళ్ళీ మడవడం మొదలుపెట్టాను. ఆర్లో సీలు మిషను ఏ సొరుగులో ఉంటుందో నాకు తెలుసు. ఆయన గుర్తు దాని మీదే ఉంటుంది. ఇంకో గంటలో కట్టేసి, నొక్కేసి, అరలో పెట్టేస్తే ఎవరికీ ఏమీ కాదు. కెండ్రా బాగుంటుంది, ఆర్లో బాగుంటాడు, శుక్రవారం సంతకం వస్తుంది. ఇవన్నీ నేను ఆలోచించుకున్నాను కూడా కాదు, నా చేతులే మొదలుపెట్టేశాయి.

సగంలో ఉండగా ఆర్లో వచ్చాడు. శాండ్‌విచ్‌లు కుట్టు మిషన్ పక్కన పెట్టి, నేల మీద పడ్డ ఎర్రదారాన్ని, తన సీసపు సీలుని చూశాడు.

"ఏం చేస్తున్నావు పిల్లా?"

సాధన చేస్తున్నాననవచ్చు. నమ్మేవాడే. నోటిదాకా వచ్చింది.

"కెండ్రాది తెరిచాను. మీ క్లిప్పు లోపల ఉంది," అన్నాను.

ఆయన గోడ చూశాడు. అన్నీ ఉన్నాయి కదా అన్నాడు. నేనే తగిలించానన్నాను. దగ్గరికి వెళ్ళి ఆ క్లిప్పు తీసి, తెరిచి, మూసి చూశాడు.

"గట్టిగా పట్టుకుని ఉందా?"

"ఉంది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇది మొదటిసారేనా అని అడిగాడు. అప్పుడు చెప్పాను. సెప్టెంబరు, చెవి పక్క, ఎర్రటిది. కొత్త టేపు గురించి కూడా చెప్పాను. క్లిప్పు ఒకటి పోయిందని, బండిలో ఎక్కడో పారేసుకున్నాననుకుని ఇంకోటి కొన్నానని చెప్పాడు. ఏ రోజు పోయిందో ఆయనకి గుర్తు లేదు.

లేచి పై అరలోంచి నా పేరున్న సీసా తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"మరి ఇదెందుకిచ్చావు?"

"తెరుచుకుంది కదా, ఆర్లో."

"అది నా పనితనం కాదు, నీ అదృష్టం. తీసుకెళ్ళి దానికే పొయ్యి." అంతవరకూ గొంతు మామూలుగానే ఉంది. తర్వాత పెరిగింది. "సెప్టెంబరు నుంచీ నా పక్కనే కూర్చుని నోరు మూసుకున్నావా? నేను మనుషుల వీపులకి ఇవి కడుతుంటే చూస్తూ? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదే!"

ఆయన నన్నెప్పుడూ తిట్టలేదు. పని తప్పితే కసిరాడు గాని నన్ను తిట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. సిగ్గే ఎక్కువ. నాకు అనుమానం కాదు, ఆ రోజే తెలుసు. పక్షి గిక్షి ఏమీ లేదు.

ఇంటికి పొమ్మన్నాడు. వచ్చేశాను. సీసా తెచ్చుకోలేదు.

మార్చి 26

వెళ్ళలేదు.

మార్చి 27

డ్వేన్‌కి అంతా చెప్పాను. ఆ రోజు నువ్వు దిగి వచ్చాక నేను నీతో పోట్లాడాను గుర్తుందా, భోజనానికి ఆలస్యమైందని, అన్నాడు. గుర్తుంది. లేచి వెళ్ళి గరాజులో ఏదో సర్దుకున్నాడు.

రేపు శుక్రవారం.

మార్చి 29

నిన్న వెళ్ళాను. గది బయట బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆర్లో సెప్టెంబరు నుంచీ తాను రిజర్వు కట్టిన ప్రతి మనిషికీ ఫోన్ చేశాడట, నేను ఆర్లోని, దూకకు, తీసుకురా, ఎందుకో వచ్చాక చెబుతానని. వచ్చినవాళ్ళకి చెప్పాడు కూడా, నిలబడి, వివరంగా, ఒక్కొక్కరికీ. కొందరు భుజం తట్టారు. ఒకాయన తన పారాషూట్ లాక్కుని వెళ్ళిపోయాడు. కెండ్రా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది, ఈసారి దాని నోట్లో మాట లేదు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం దాకా ఇద్దరం కలిసి అన్నీ తెరిచాం. ఆయన పిడి లాగుతాడు, నేను మడత మడత విప్పి చూస్తాను. ఏ ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. అన్నీ చక్కగా, బొమ్మలో వేసినట్టు ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అందరూ వెళ్ళాక అడిగాను, సంతకం సంగతి.

పెట్టనన్నాడు.

కోపమనుకున్నాను. కోపం కాదట. ఈ చలికాలం తన కన్ను నమ్మదగ్గది కాదట. తాను చూశానని సంతకం పెడితే, ఏ కన్నుతో చూసినట్టు? నావి నేను సరిగ్గానే కట్టానన్నాను. ఆ ఇరవైలో తప్పుంటే చూపించమన్నాను. ఇప్పుడే అన్నీ తెరిచాం కదా, నావీ ఉన్నాయి కదా వాటిలో!

"తప్పు లేదు. బాగా కట్టావు. అయినా నేను చూశానని రాయలేను. వేరే రిగ్గరు దగ్గర ఇరవయ్యీ మళ్ళీ కట్టు."

మొండి ముసలాడివన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను. ఒక చలికాలమంతా మోకాళ్ళ మీద గడిపాను. నిజం చెప్పినందుకు నాకు దక్కింది ఇదీ. నోరు మూసుకుని గంటలో సీలు నొక్కేసుంటే ఈ పాటికి సంతకం చేతిలో ఉండేది. బండిలో ఇల్లు చేరేదాకా ఇదే గొణుక్కున్నాను.

మార్చి 30

ఆయన చెప్పింది నిజమే. నాకు నచ్చలేదు గాని నిజమే.

ఏప్రిల్ 5

దూకడాలు మొదలు కావాల్సిన రోజు. విమానం సగం ఖాళీగా ఎగిరింది. ఆర్లో గదికి తాళం. తన సర్టిఫికెట్ గోడ మీంచి తీసేసి ఇంటికి పట్టుకెళ్ళాడని కెండ్రా చెప్పింది. మధ్యాహ్నం ఆయనకి ఫోన్ చేశాను. చేపలు పడుతున్నారా అని అడిగితే, పడటం లేదు, చలికి అవి కూడా నోరు మూసుకున్నాయన్నాడు. తర్వాత, మంగళవారం ఖాళీగా ఉంటావా అని అడిగాడు.

ఏప్రిల్ 8

ఆర్లో నన్ను ఒహాయో సరిహద్దు దాకా తన బండిలోనే తీసుకెళ్ళాడు. అక్కడ బోనిటా అనే రిగ్గరుంది, అరవై ఏళ్ళావిడ, ఆయన దగ్గరే నేర్చుకుంది. దారి పొడవునా వాతావరణం గురించే మాట్లాడాడు.

బోనిటా గది చిన్నది, కుక్క ఉంది, రేడియో మోగుతోంది. ఆర్లో లోపలికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. తన గదిలోనైతే ఎప్పుడూ తీయలేదు. ఏం జరిగిందో తన నోటితోనే చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. బోనిటా రేడియో ఆపేసింది. తర్వాత నన్ను చూపించి చెప్పాడు.

"రాతపరీక్ష పాసైంది. చెయ్యి నా కన్నా బాగుంటుంది. ఆరు నెలలు నోరు మూసుకుని ఉండగలదు, అది మాన్పించు. మిగతాదంతా వచ్చు."

నేను తల దించుకున్నాను. బోనిటా నన్ను పైనించి కిందిదాకా చూసి, ఒక రిజర్వు తెచ్చి కార్పెట్ మీద పెట్టి, కానివ్వు అంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె పనిముట్లు ఒక చెక్క పళ్ళెంలో ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో గాడి. ఇంకా ఏదీ తీయలేదు. ఒక గాడి ఖాళీగా ఉంది.

కొత్త చోటు. పరిచయమైన పది నిమిషాలకే తప్పు పట్టడమా అనిపించింది. ఆర్లో తలుపు దగ్గరే ఉన్నాడు.

"మీ క్లిప్పు ఒకటి తక్కువుందండీ. అది దొరికేదాకా నేను మొదలుపెట్టను," అన్నాను.

బోనిటా పళ్ళెం చూసింది, నన్ను చూసింది. జేబులు తడుముకుంది. తర్వాత తల తడుముకుంది. క్లిప్పు జుట్టుకి పెట్టుకుని ఉంది.

తీసి గాడిలో పెట్టింది. ఆర్లో టోపీ పెట్టుకుని, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు.